కాపలావాడి నడక

“నీ ఆటలో భయం లేదయ్యా నరేష్. జనం ఆవులిస్తా ఆడుతున్నారు. సాయంత్రంలోగా ఏదో ఒకటి చేసి పంపు. లేకపోతే ఈ ఆట మూసేస్తారంట. నిన్ను కూడా ఇంకోచోట చూసుకోమంటారు.”

హైదరాబాదు నుంచి కరుణాకరం ఫోన్ పెట్టేశాడు. ఆయనది కంభం. మనవైపువాడు కాబట్టి ఆ మాత్రం ముందే చెప్పాడు. గిద్దలూరు స్టేషన్ రోడ్డులో, అద్దెమేడ మీద, నరేష్ కుర్చీలో కూలబడ్డాడు. సాయంత్రంలోగా భయం తేవాలంట. సంతలో దొరికే సరుకా అది?

ఇంటి నుంచే కంపెనీకి వీడియో గేమ్ తయారుచేస్తున్నాడు. ఓ పిల్ల ఇంట్లో చిక్కుకుని ఉంటుంది. కాపలావాడొకడు అరుచుకుంటూ మెట్లెక్కుతూ దిగుతూ తిరుగుతుంటాడు. వాడి కంటపడకుండా ఆ పిల్లను వీధితలుపు దాటించాలి. అంతే ఆట. 

ముందు అడుగుల చప్పుడు మీద పడ్డాడు నరేష్. కంపెనీ ఇచ్చిన చప్పుళ్లు చెక్క మీద బూట్లేసుకుని నడిచినట్టున్నాయి. ఆటలో ఉన్నవేమో నాపరాతి మెట్లు. పాతవి తీసేసి కొత్తవి పెట్టాడు. కింద మొబైల్ షాపు నడిపే అష్రఫ్‌ను పిలిచి ఆడించాడు. అష్రఫ్ నవ్వుకుంటూ ఆడాడు, నవ్వుకుంటూనే దొరికిపోయాడు.

“భయమెయ్యలేదారా?”

“ఎందుకన్నా భయం? దొరికితే మళ్లీ మొదటినుంచి ఆడతా. నాకేం పోయింది?” షాపులో గిరాకీ ఉందని అష్రఫ్ దిగిపోయాడు.

నరేష్ వంటింటి వైపు తిరిగాడు. భార్య వాణి చిక్కుడుకాయలు తుంచుతోంది.

“వాణీ, ఇట్ల రా. కాసేపు ఈ ఆట ఆడు.”

“నాకు రాదండీ.”

“రానోళ్లే కావాల. కూర్చో.”

తడిచేతులు చున్నీకి తుడుచుకుని కూర్చుంది. నరేష్ ఫోన్ చేతిలో పెట్టి, ఇయర్‌ఫోన్స్ తనే ఆమె చెవుల్లో పెట్టాడు. మొదటి అడుగు వినపడగానే వాణి వాటిని పీకేసి గుమ్మం వైపు చూసింది. తర్వాత పక్కనే ఉన్న మొగుడి వైపు చూసింది.

“ఆటలోదే పిచ్చిదానా!” నవ్వాడు నరేష్.

వాణి మళ్లీ పెట్టుకుంది. కాపలావాడు ఇంకా తెర మీదికి రాకముందే పిల్లను బీరువా పక్కకు నెట్టి ఆపేసింది.

“ఏంది, ఆపేసినావు?”

“మెట్టు మీద నిలబడినాడు. నిలబడితే వెనక్కి వస్తాడు.”

నిజంగానే వెనక్కి వచ్చాడు. బీరువా ముందునుంచే పోయాడు. వాణి ఊపిరి కూడా తీసుకోలేదు. అడుగులు దూరమయ్యాక పిల్లను గోడవారగా నడిపించి, వీధితలుపు దాటించేసింది. ఆఫీసులో ఇంతవరకు ఒక్కరు కూడా మొదటిసారే దాటింది లేదు.

“ఎట్ల తెలిసిందే నీకు?”

“వింటే తెలుస్తది.”

“భయమేసిందా?”

“ఊఁ.”

నరేష్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. “అష్రఫ్‌కు ఎయ్యలేదు మరి! ఏం చేస్తే అందరికీ ఏస్తది? చెప్పు, చెప్పు.”

వాణి చెప్పొచ్చో చెప్పకూడదో తేల్చుకోలేక ఫోన్ వంకే చూసింది. “మీ కాపలావాడు అరుస్తా వస్తాడు. అరిచేవాడికి ఏం భయపడతారు? ముందే తెలుస్తది కదా. వాడు నవ్వుతా రావాల. అన్నం తిన్నావా అని అడగాల.”

“అడిగి?”

“పోనియ్యాల. రెండోసారి కూడా పోనియ్యాల. ఏసారి కొడతాడో ఆ పిల్లకు తెలియగూడదు. కొట్టినాక మల్లెపూలు తెచ్చియ్యాల.”

నరేష్ వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తుతున్నాయి. “ఇంకా?”

“ఆ వీధితలుపుకు గడియ తీసెయ్యండి.”

“గడియ లేకపోతే పారిపోదా?”

“పారిపోయి యాడికి పోతాదండీ?”

ఆ మాట నరేష్‌కు మహా బాగుందనిపించింది. గడియ తీసేశాడు. ఇవన్నీ ఈమెకెట్లా తెలుసునని అప్పుడు అనుమానం వచ్చింది.

“మీ నాయన చిన్నప్పుడు కొట్టేవాడా నిన్ను?”

“పాలు పొంగుతాయి,” అంటూ వాణి లేచి వంటింట్లోకి పోయింది.

నరేష్‌కు జాలేసింది. నిజంగానే గుండె చివుక్కుమంది. మామ గురవయ్య కొమరోలులో ఎంత మెత్తగా మాట్లాడతాడు! చీమకైనా అపకారం చెయ్యడనుకున్నాడు ఇన్నాళ్లూ. ఎవరింట్లో ఏం జరుగుతుందో బయటివాళ్లకు ఏం తెలుస్తుంది? ఈసారి పోయినప్పుడు ఆయన్ను ముఖం మీదే అడగాలనుకున్నాడు. అనుకుంటూనే మార్పులు ముగించి, ఆట పంపేశాడు.

పొద్దు వాలుతుండగా కరుణాకరం ఫోన్ చేశాడు. వాణి కూడా వినాలని నరేష్ స్పీకర్ పెట్టాడు.

“ఏం చేసినావయ్యా! మా ఆఫీసులో రాధాకుమారి ఆడుతా ఆడుతా ఏడ్చేసింది. ఆ పిల్ల ఎట్లన్నా బయటపడాలని ఆఫీసంతా బిగబట్టుకుని కూర్చుంది. తలుపు తీసే ఉన్నా అడుగు బయట పెట్టబుద్ధి కావడంలా! నీ ఆట నిలబడినట్టే.”

నరేష్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వంటింట్లో చప్పుడు ఆగిపోయింది.

“అన్నిటికంటే ఆ అడుగులయ్యా,” అన్నాడు కరుణాకరం. “ఒకటి ఈడుస్తా, ఒకటి నొక్కుతా... వాడు నవ్వుతున్నా సరే, ఇప్పుడు కొడతాడని నడకలోనే తెలుస్తాంది. నాకు వెన్నులో చలి పుట్టింది. యాడ దొరికినాడయ్యా నీకు అట్లాంటోడు?”

నరేష్ గర్వంగా వంటింటి వైపు చూసి నవ్వాడు.

“నేనే సార్! రోజూ మా మెట్లు ఎట్ల ఎక్కుతానో అట్లనే ఎక్కి రికార్డు చేసినా.”