తోడల్లుణ్ణి ఇంగ్లీషులో ఏమంటారు?

సమస్త జనులకూ తెలియజేయడమేమనగా, ఇంగ్లీషులో తోడల్లుడు అనే మాట లేదు.

మా ఆడవాళ్ళకి ఓడ పడదని, యూరప్ క్రూయిజుకి నేనూ మా తోడల్లుడూ బయల్దేరాం. మధ్యలో విమానం మారాలి. "బావగారి ఇంగ్లీషు చూసి నేర్చుకోండి" అంటూ సాగనంపింది మా ఆవిడ. దారంతా నాకు ఒళ్ళు మంటే.

ఇమిగ్రేషన్ దగ్గర ఆఫీసరు ఆయన్ని ఆపి, నన్ను చూపిస్తూ, "ఇతను నీకేమవుతాడు?" అన్నాడు. అంత ఇంగ్లీషు పండితుడూ నీళ్ళు నమిలి, "బ్రదర్" అన్నాడు.

పాస్‌పోర్టుల్లో ఇంటిపేర్లు వేరు, తండ్రులు వేరు. ఇద్దర్నీ బెంచీ మీద కూర్చోబెట్టారు. అద్దంలోంచి చూస్తుండగానే మా విమానం కదిలిపోయింది. ఇక ఓడ కూడా అందనట్టే.

"ఇంత చదివి ఏం లాభం అన్నయ్యా" అన్నాను, లోపల చంకలు గుద్దుకుంటూ.

"పోనీలే తమ్ముడూ" అన్నాడు.

ఇంటికొచ్చాక ఇలాగే చెప్పి అందర్నీ నవ్వించాను. ఇందులో ఒక్కటే నా కల్పితం. ఆయన్నెవరూ ఆపలేదు. ముద్ర వేయించుకుని అవతలికి వెళ్ళిపోయాడు. ఆపింది నన్ను. నాకు నోరు పెగలకపోతే తనే వెనక్కొచ్చి ఆ మాట చెప్పి, నాతోపాటు ఇరుక్కున్నాడు.

ఇన్నాళ్ళూ ఆయన ఇంగ్లీషు చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు ఇదొకటి.