పొట్టి మూర

"దీన్ని మూరంటారా? పట్టపగలు దోపిడీ ఇది!"

మడివాళ మార్కెట్ మలుపులో పూలబుట్టల ముందు నిలబడి ఆ మనిషి అరిచిన అరుపుకి, అవతల కొత్తిమీర బేరమాడుతున్నవాళ్ళు కూడా తల తిప్పి చూశారు. నీడలోకి వచ్చినా హెల్మెట్ తియ్యలేదు. అద్దం మాత్రం పైకి నెట్టాడు, అరవడానికి వీలుగా.

మల్లెమొగ్గలు కడుతున్న అక్కయమ్మ తలెత్తి, వాణ్ణి బూట్ల నుంచి హెల్మెట్ దాకా ఒకసారి చూసింది. కుళ్ళిన చామంతిని చూసినట్టు చూసింది. నలగని ఇస్త్రీ చొక్కా, చేతికి పెద్ద వాచీ, నోట్లో బురద. ఆడవాళ్ళ అంగడి ముందు మాత్రమే లేచే గొంతు. ఇలాంటి మగతనం ఆమెకు కొత్త కాదు. పక్కన ఒక్క లారీ డ్రైవరు నిలబడితే చాలు, ఇదే గొంతు పిల్లికూన గొంతు అవుతుంది.

"ఏమప్పా..." అంటూ లేవబోయింది.

"నువ్వు కూర్చోమ్మా. నేను మాట్లాడతా," అంది ఆశ.

అక్కయమ్మ కూర్చుంది. గుండె మాత్రం కూర్చోలేదు. మొన్న ఉగాదికి కూడా ఎవరైనా గట్టిగా మాట్లాడితే బుట్టల వెనక్కి జరిగిపోయిన కూతురు ఇది. ఎడమచెయ్యి కొంగు కింద దాచుకుని, గిరాకీ వస్తే అమ్మ మొహం చూసేది. ఈ మధ్యే ముందుకొచ్చి కూర్చుంటోంది. ఇప్పుడు తడబడిందంటే మళ్ళీ ఆ బుట్టల వెనక్కే పోతుంది. ఈసారి ఇక బయటికి రాదు.

"మూర తక్కువంటా ఉండావు. సరే, చూడు." ఆశ కనకాంబరం దండని ఎడమ మోచేతి నుంచి వేలికొస దాకా చాపింది.

"ఏం చూసేది? ఆ చెయ్యే పొట్టి!" హెల్మెట్ మనిషి పగలబడి నవ్వి, వెంట వచ్చిన అమ్మాయి వైపు తిరిగాడు. "చూస్తివా కావ్యా? ఇందుకే ఇక్కడ బండి దిగొద్దంటి. వీళ్ళకి మోసం తప్ప ఏం రాదు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏసీ పూలంగడి ఉండాది, రా."

కావ్య కదల్లేదు. "రేపు మన నిశ్చితార్థానికి గదా. ఏసీలో పెట్టిన పూలు జడలో పెట్టిన గంటకే వేలాడతాయి. ఇవైతే తాజాగా ఉండాయి."

"రా అంటే రావాల."

ఆ మాటకి కావ్య తల దించుకుంది. అక్కయమ్మ చూసింది. ఆశ కూడా చూసింది.

"ఏయ్, పూలమ్మీ! నోరు పడిపోయిందా? చెయ్యి పొట్టి అని ఒప్పుకో, పోతాం."

"పొట్టే," అంది ఆశ.

అక్కయమ్మ చేతిలో దారం తెగింది. చుట్టూ చేరినవాళ్ళు గుసగుసలాడారు.

"విన్నారా? దానంతట అదే ఒప్పుకుంది!"

"ఒప్పుకోక? నా చెయ్యి పొట్టి. అందుకే ప్రతి మూరకీ నాలుగు వేళ్ళు కొసరేస్తా. కొసరు వెయ్యకముందే నువ్వు అరిస్తివి. అంత తొందర ఏమప్పా నీకు?" ఆశ మోచేతి అవతల నాలుగు వేళ్ళు పట్టి దండ తుంచింది. "చెల్లీ, నీ చేత్తోనే కొలుచుకో."

కావ్య కొలిచింది. మోచెయ్యి దాటి ఇంకా కనకాంబరాలు వేలాడాయి.

పక్క అంగడి చిక్కమ్మ కిసుక్కున నవ్వింది. "ఏమప్పా హెల్మెట్టూ, నోరు మాత్రం బారెడు ఉండాదే నీకు!"

జనం గొల్లుమన్నారు. అతను కావ్య మణికట్టు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. "పద!"

"ఆ చెయ్యి వదులు."

ఆశ అరవలేదు. మామూలుగానే అంది. కానీ లేచి నిలబడింది, బుట్టల ముందుకొచ్చి మరీ. అతను చుట్టూ చూశాడు. వదిలేశాడు. అంత పెద్ద శాల్తీ, గాలి తీసిన ట్యూబులా అయిపోయాడు. అక్కయమ్మకి ఉమ్మెయ్యాలనిపించింది. ఇంత పిరికివాడికా ఇన్నాళ్ళు తాము భయపడింది! మరుక్షణం ఆమె చూపు కూతురి వీపు మీదికి మళ్ళింది. నిటారుగా ఉంది ఆ వీపు. అక్కయమ్మ కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

కావ్య మణికట్టు రుద్దుకుంటూ ఆశ చేతుల వైపే చూస్తోంది. "అక్కా, కుడిచెయ్యి బాగానే ఉండాది గదా. ఎడమది ఒక్కటే ఎందుకట్లా పొట్టి అయింది?"

హెల్మెట్ అద్దం టప్పున కిందికి దిగింది.

ఆశ తీరిగ్గా దండని అరిటాకులో చుట్టి కావ్య చేతిలో పెట్టింది.

"దాన్ని విరిచిన హేమంత్‌కుమార్ నీ పక్కనే ఉండాడు, అడుగు చెల్లీ. అప్పుడు నేను ఆయన పెండ్లాన్ని."