కిటికీలో రౌటర్

దొంగపేరుతో అకౌంట్ తెరిస్తే ఎవరు పట్టుకుంటారనుకున్నాడు మురళీమోహన్. తనను కాదన్న లీలారాణి టీచరు ఫొటోలు మార్ఫింగ్ చేసి అందులో పెట్టింది అతనే. పోలీసులు మాత్రం పక్కింటి సీమోను గుమ్మంలో నిలబడ్డారు. మురళి తన వాకిట్లోంచి చూస్తున్నాడు.

"ఫొటోలు పెట్టిన ఐపీ అడ్రస్ ఈ ఇంటిదే. నెట్ కనెక్షన్ నీ పేరు మీదుంది."

"నాకు ఫోనెత్తి మాటాడ్డమే వచ్చు బాబూ!"

"వైఫై పాస్‌వర్డ్ ఇంకెవరికైనా ఇచ్చావా?"

"మా మురళికిచ్చాను. ఆడికి సిగ్నల్ అందాలనే రౌటర్ కిటికీలో ఎట్టాను. ఆడలాంటోడు కాదు. ఒరే మురళీ, నువ్వైనా సెప్పరా!"

తనకు జాలి కలుగుతుందేమోనని మురళి కాసేపు చూశాడు. కలగలేదు.

"నాకెప్పుడిచ్చావు మావా?"

 పోలీసులు సీమోనును జీపెక్కించాక మురళి ఇంట్లోకెళ్లి, ఫోన్‌లోంచి సీమోను వైఫైని తీసేశాడు.