గొంతు మారకూడదు

"ఘుర్రుమనే చప్పుడొక్కటీ తీసెయ్యండి మాస్టారూ. గొంతు మాత్రం మారకూడదు."

దుప్పట్లో చుట్టి తెచ్చిన రికార్డ్ ప్లేయర్‌ని ఆమె బల్ల మీదికి దించింది. దించాక కూడా దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

రికార్డ్ ప్లేయర్లు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ సూదుల మాస్టారంటారు. పుచ్చకాయ కొనేవాడిలా పెట్టెని వేలితో కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"మంచి చెక్కమ్మా. పెట్టె ఇలా బిగువుగా ఉండాలి. రికార్డుని తిప్పే పళ్లెం బరువుగా ఉండాలి. సూదిని మోసే చెయ్యి వణక్కూడదు. అలాగని అవన్నీ ఉన్న ప్రతిదీ పాడదు. కొన్ని ఊరికే వినిపిస్తాయి, కొన్ని పాడతాయి. ఎందుకో ఇన్నేళ్లయినా నాకు అంతు చిక్కలేదు."

"మాది పాడుతుందండీ. మా ఆయన చేతుల్లో పెరిగింది," అందామె. "ఆయన పోయి నాలుగు నెలలు. అప్పట్నుంచీ దీన్ని ముట్టుకోలేదు. మొన్న పెడితే ఈ చప్పుడు. వచ్చే వారం మా అమ్మాయి పుట్టినరోజు, ఆ రోజు ఇది పాడి తీరాలి."

సంచీలోంచి రికార్డు తీసింది. దాని మీద ఏ కంపెనీ పేరూ లేదు. ఎగ్జిబిషన్లో గాజు గదిలో నిలబడి పాడితే అక్కడికక్కడే చేసి ఇచ్చిన రికార్డు. ఇంకో కాపీ లేదు.

సూది వాలింది. ఘుర్రు వెనకనుంచి ఒక ఆడగొంతు జోలపాట అందుకుంది. నిండైన గొంతు. నింపాదిగా, రోజంతా పని చేసి వచ్చి పిల్లల పక్కన ఒరిగిన మనిషిలా పాడింది. చివర్లో "అయిపోయింది నాన్నా" అంది, అలసటగా.

మాస్టారి భార్య చెయ్యి తుడుచుకుంటూ లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎవరు వదినగారూ పాడింది?"

"మా అమ్మాయి."

"వింటుంటే నాకే కళ్లు మూతలు పడుతున్నాయి. పిల్లలెంతమంది?"

"పెళ్లి కాలేదండీ. వచ్చే వారానికి ముప్పై నిండుతాయి."

"అయ్యో, ఈ గొంతుకి పెళ్లి కాకపోవడమేంటి! మీరు ఊఁ అనండి, సంబంధం నేను వెతికిపెడతా. ఈయనకివేం పట్టవు. ఈయనకి పెళ్లాం కన్నా పళ్లెమే ఎక్కువ."

ఆమె నవ్వింది. రికార్డుని మళ్లీ సంచీలో పెట్టుకుని, ప్లేయర్‌ని అక్కడ వదిలి వెళ్లింది.

రెండు రోజులాగి ఆమె వచ్చేసరికి మాస్టారి ముఖం వెలిగిపోతోంది.

"చప్పుడు పోయింది. అదొక్కటే కాదమ్మా! మోటారు కొసన ఇత్తడి పుల్లీ ఉంటుంది. బెల్టు దాని మీదే తిరిగి పళ్లేన్ని తిప్పుతుంది. పుల్లీ సన్నబడితే పళ్లెం నెమ్మదిస్తుంది. మీది మరీ పుల్లలా అయిపోయింది. కొత్తది వేశాను. ఇక గడియారంలా తిరుగుతుంది."

ఆమె గబుక్కున ప్లేయర్ మీదికి వంగింది.

"పాతది ఏది?"

"పాతదెందుకు? ముందు విని చెప్పండి."

ఆమె సంచీలోంచి ఆయనే రికార్డు తీసి పెట్టాడు. సన్నటి గొంతు పరుగులు తీసింది. మధ్యలో ఊపిరందక ఆగి, గుటకేసి, మళ్లీ అందుకుంది. ఆఖరి మాట గెంతుతూ వచ్చింది. "అయిపోయింది నాన్నా!"

"ఇదేంటండీ, వేరేది పెట్టారా?" అంది మాస్టారి భార్య. "ఇది చిన్నపిల్ల గొంతు కదా!"

"అదే రికార్డు. అసలు గొంతు ఇదన్నమాట. చిన్నప్పుడెప్పుడో పాడి ఉంటుంది. చూశారా అమ్మా, ఇన్నాళ్లూ నెమ్మదిగా తిరగడం వల్ల పెద్దదాని గొంతులా..."

ఆమె వినడం లేదు. ఆమె చెయ్యి తనంతట తనే కిందికి జారి, నడుము దగ్గర గాలిలో ఆగింది. పక్కనున్న పిల్ల జుట్టు సవరిస్తున్నట్టు వేళ్లు కదిలాయి.

తర్వాత సూదిని ఎత్తి పక్కన పెట్టింది.

"పాతదే వెయ్యండి మాస్టారూ. మీ కాళ్లు పట్టుకుంటాను."

పాత పుల్లీ తుక్కు డబ్బాలో ఉంది. డబ్బా బోర్లించి ముగ్గురూ నేల మీద వెతికారు. మరలు, స్ప్రింగులు, విరిగిన సూదులు. చివరికి మాస్టారి భార్యే బల్ల కిందికి దూరి పట్టుకుంది. తల్లి దాన్ని అందుకుని, కొంగుతో తుడిచి కళ్లకద్దుకుని మాస్టారికిచ్చింది.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని వెలుగులోకి పట్టి చూశాడు. ఇత్తడి చుట్టూ సన్నటి గీతలు.

"ఇది అరిగింది కాదే! గరుకు కాగితం పెట్టి ఎవరో అరగదీశారు."

"మా ఆయనే. ఏటా అమ్మాయి పుట్టినరోజున. ఒక్క పిసరు."

"బంగారం లాంటి యంత్రం. చేజేతులా ఎందుకమ్మా అలా?"

ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఐదో ఏట మట్టిలో పెట్టి వచ్చిన పిల్లని, గొంతొక్కటే ఏటా ఒక ఏడు పెద్దది చేసుకుంటూ ఆయన ఇంతదాకా పెంచుకొచ్చారు మాస్టారూ, వచ్చే వారం ఎంత అరగదియ్యాలో నాకు నేర్పండి."