నంద్యాల గొంతు

"లెయ్ అవ్వా. ఇంగ నువ్వు ఈడ కూర్చోగూడదు."

ఆళ్లగడ్డ విత్తనాల ఆఫీసులో మేనేజరు మద్దిలేటి ఈ మాట అంటున్నప్పుడు, బల్ల మీది ఫోను స్పీకరులో నంద్యాల గొంతు ఆగి, ఎదురుచూస్తోంది.

ప్రతి ఉదయమూ నంద్యాల పెద్దాఫీసు ఈ ఆళ్లగడ్డ సామంతరాజ్యానికి ఫోను ద్వారానే ఆజ్ఞలు పంపేది. శిరివెళ్లకు ఎన్ని బస్తాలు, ఏ లారీ ఎటు అన్నీ అందులోనే. ఆజ్ఞలు యజమానురాలు ఉమామహేశ్వరమ్మవి. చదివేది ముబశ్శిరా అనే ఉద్యోగిని.

పెద్దాఫీసు మాట్లాడుతుండగా చిన్నాఫీసు ఉద్యోగి నోరు మెదపరాదన్నది యజమానురాలి శాసనం. ఆ సమయంలో మద్దిలేటి, గుమాస్తా మహేష్ రాతివిగ్రహాలై రాసుకునేవారు. శిల్పులకు పేరుపొందిన ఊరు గనుక ఆ విద్య వారికి సులువుగానే అబ్బింది.

శాసనానికి లోబడనిది సైదాబీ అనే అవ్వ ఒక్కతే. ఆమె ఉద్యోగి కాదు. ఎండాకాలం మొదట్లో రెండాఫీసుల్లోనూ ఈ కొత్త స్పీకరు ఫోన్ల పెట్టెలు బిగించిన నాటి నుంచి రోజూ వచ్చి బెంచీ మీద కూర్చునేది. స్పీకరులో వచ్చే ప్రతి వాక్యానికీ, కథ వింటున్న పసిపిల్లలా "ఊఁ" కొట్టేది.

ఆ రోజు నంద్యాల గొంతు బస్తాల మధ్యలో ఆగింది.

"మద్దిలేటన్నా, ఆ ఊఁ కొట్టేది ఎవురు?"

"ఎవురో అవ్వమ్మా. కూలర్ గాలికి వచ్చి కూర్చుంటాది."

"బయటికి పంపు. ఆ గొంతు నాకు వినపడగూడదు."

అందుకే ఈ బహిష్కరణ.

"నేను నిన్నేమీ అడగల్యా కదప్పా," అంది సైదాబీ. "మంచినీళ్లు గూడా అడగల్యా."

"పెద్దాఫీసు మాట అవ్వా. నా చేతుల్లో ల్యా."

ఆమె ఫోను వైపు ఒకసారి చూసి, కొంగు తల మీదికి లాక్కుని బయటికి నడిచింది. వెళ్లిపోలేదు. కిటికీ కింద, రోడ్డు వైపు నిలబడింది.

వడగాలి లోపలికి కొడుతోందని మద్దిలేటి కిటికీ మూశాడు.

మరునాడు ఫోను మధ్యలో తెగింది. మళ్లీ చేశారు. మళ్లీ తెగింది.

ఉమామహేశ్వరమ్మ స్వయంగా మద్దిలేటి సెల్లుకు ఫోన్ చేసింది.

"నా మాట చదువుతాంటే మధ్యలో పెట్టేస్తాండావంట. అంత పొగరా నీకు?"

"నేను పెట్టల్యామ్మా. అదే తెగుతాండాది."

"ఇన్నాళ్లూ తెగనిది ఇప్పుడు తెగుతాదా? ఈ వారంలో బాగుపడాల. లేకుంటే నువ్వు ఇంటికి పో."

మద్దిలేటికి యాభై దాటాయి. ఆ వయసులో కొలువిచ్చే మరో సంస్థానం ఆ చుట్టుపక్కల లేదు.

వైర్లు మార్చారు. ఫోను మార్చారు. దిష్టి తగిలిందని మహేష్ గోడ మీది పెట్టెకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. ఫోను వాటితో సహా తెగింది.

చివరికి నంద్యాల నుంచి మెకానిక్ అన్సార్ వచ్చాడు. ఒక ఫోన్ కాల్ మొదటి నుంచీ విన్నాడు. అదీ తెగింది.

"మీరేం మాట్లాడరాన్నా?"

"మాట్లాడగూడదు. రూలు."

"అందుకే. ఈ పక్కనుంచి మనిషి గొంతు రాకుంటే ఎవురూ లేరనుకుంటాది అది. లైను కట్ చేస్తాది."

"ఆ గుణం మార్చరాదా?"

"నంద్యాల పెట్టెలో మార్చాల. మీ మేడమ్ తాకనీల్యా. పెట్టె బాగుంది, మద్దిలేటే బాగల్యాడు అనింది."

మహేష్ కలం కింద పెట్టాడు.

"మరి ఇన్నాళ్లూ ఎట్ల తెగల్యా?"

మద్దిలేటి ఖాళీ బెంచీ వైపు చూశాడు.

శాసనం ఉద్యోగులకే గాని బెంచీ మీది బయటివాళ్లకు వర్తించదు. కొలువు నిలవాలంటే ఊఁ కొట్టే ఆ మహాపదవిలో అవ్వను తిరిగి ప్రతిష్ఠించడమే మార్గం. అవ్వ గొంతును ఓర్చుకొమ్మని ముబశ్శిరాను బతిమాలుకోవచ్చు. మద్దిలేటి బండి తీశాడు.

వీధి వీధీ అడుగుతూ వెళితే ఒక సందు చివర ఇల్లు దొరికింది. తాళం వేసి ఉంది. పక్కింటి అరుగు మీద రామలక్ష్మమ్మ బియ్యం చెరుగుతోంది.

"సైదాబీ అవ్వ యాడికి పోయిందమ్మా?"

"మట్టిలోకి పోయింది."

చేట ఆగలేదు.

"ఎండదెబ్బప్పా. మీ ఆఫీసు కిటికీ కింద పడిపోతే ఆటోవాడు తెచ్చి దింపినాడు. తెల్లారేసరికి పాణం పోయింది."

మద్దిలేటి అరుగు అంచున కూర్చుండిపోయాడు.

"కూలర్ గాలికి వచ్చేదనుకున్యా. మూసిన కిటికీ కింద, ఆ ఎండలో ఏం పని ఆమెకు?"

రామలక్ష్మమ్మ చేట పక్కన పెట్టింది.

"ఇష్టం లేని చోట నిఖా చేసినారని బిడ్డ తల్లితో మాటలు మానుకునుండాది. పోను చేస్తే ఎత్తదు, ఇంటికి పోతే తలుపు తీయదు. సావుకబురు చెప్పేదానికి నేను చేసినా ఎత్తల్యా."

"ఎవురా బిడ్డ?"

"మీ పోన్లో దినామూ బస్తాలు చదువుతాదే, నంద్యాల ముబశ్శిరా, ఆమేనప్పా."