మరిచిపోయే పిట్ట బొంత

చిట్టడవిలో ఒక ముళ్ళపందికి కవలలు పుట్టారు. చలి ముదిరేలోగా ఇద్దరికీ చెరో ఆకుల బొంత కుట్టించాలని ఒకటి కుర్ర కుట్టుపిట్టకూ, ఒకటి ముసలి కుట్టుపిట్టకూ పురమాయించింది.

కుర్రపిట్ట ఒక్కసారి కొలతలు తీసుకుని గూట్లో దూరింది. "అంతా అయ్యాకే చూపిస్తానత్తా."

ముసలిదానికి మాత్రం దిగులు పట్టుకుంది. ఈమధ్య ఏదీ గుర్తుండటం లేదు. తన మతిమరుపుకు పసివాడు చలిలో వణికిపోతాడేమో. అందుకని రెండాకులు కుట్టగానే బొరియ దగ్గరికి ఎగిరొచ్చేది. "అమ్మాయ్, తల ఎటువైపన్నావు?"

"మళ్ళీనా పిన్నీ," అని విసుక్కుంటూనే ముళ్ళపంది ఆ ముక్కను పిల్లాడికి కప్పి చూసేది. "ఇదిగో, వీడికి ఇక్కడ కొత్త ముల్లొచ్చింది." ముసలిపిట్ట అక్కడ విప్పి వదులుగా కుట్టేది.

మంచు పడింది. కుర్రపిట్ట ముచ్చటైన బొంత తెచ్చి రెండోవాడికి కప్పింది. వాడు ఒళ్ళు విరుచుకున్నాడు. అంతే, కొత్తగా మొలిచిన ముళ్ళు దిగి బొంత జల్లెడైపోయింది. కవలలిద్దరూ ముసలిదాని అతుకుల బొంతలోనే దూరి, ఒకర్నొకరు పొడుచుకుంటూ పడుకున్నారు.

"నీ కిటుకేమిటి అవ్వా?" అంది కుర్రపిట్ట, తలవంచుకుని.

"కిటుకేమిటే. గుర్తుంటే అన్నిసార్లు అడుగుతానా?"

మర్నాడు కుర్రపిట్ట మళ్ళీ మొదలుపెట్టి, రెండాకులు కుట్టి, బొరియ ముందు వాలింది.

"అత్తా, తల ఎటువైపన్నావు? మరిచిపోయాను."