రెండో కప్పు

"తేడాలు అన్నచోట ఖాళీగా వదిలేశావేంటి షాహీదా?" మేబెల్ టీచర్ పేపరు ఎత్తి చూపించింది.

పద్మారావు నగర్ బడిలో ఆఖరి గంట కొట్టేశారు. పదో తరగతి గదిలో వాళ్లిద్దరే మిగిలారు.

టీచర్ పొద్దున బోర్డు మీద రాసిన రెండు కవితలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని పోలుస్తూ వ్యాసం రాయమంది. కవి ఎవరో మాత్రం చెప్పలేదు. రెండూ ఆవిడవే. బొల్లారంలో కాపురం పెట్టిన కొత్తలో ఒకటి రాసుకుంది. భర్తను సమాధి చేసిన ఏడాది రెండోది. ఇంతవరకు ఎవరికీ చూపించలేదు. ఒక్కరైనా చదివి ఏమంటారో వినాలనిపించింది.

"మొదటిదాంట్లో కొత్త పెళ్లికూతురు రెండు కప్పుల్లో టీ పోస్తుంది. రెండోదాంట్లో విధవరాలు ఒక్క కప్పులో పోసుకుంటుంది. ఇంత తేడా కనపడలేదా?"

"కనవడ్డది టీచర్. మల్ల మల్ల చదివిన." షాహీదా బోర్డు వైపు తిరిగింది. "మొదటిదాంట్ల గామె ఎండ గురించి చెప్తది, గులాబీ మొక్క గురించి చెప్తది. గామె మొగడు ఊ అనడు, ఆ అనడు. రెండో కప్పు గట్లనే చల్లారిపోతది. రెండిట్ల సుత ఆమె ఒక్కతే ఉన్నది గద టీచర్?"

మేబెల్ మొదటి కవితను పైనుంచి కిందికి చదివింది. ఆయన మాట ఒక్కటైనా దొరుకుతుందేమోనని మళ్లీ చదివింది.

"ఒక కప్పు తేడా ఉందని రాయి," అంది చివరికి. "మార్కు వేస్తాను."